సెల్లార్‌లో రెండు ట్యాంకులు

ఇడలీనాకి తన ఆయిల్ ట్యాంకంటే మహా గర్వం. ఇనప ట్యాంకులో గర్వపడటానికి ఏముంటుందని ఎవరైనా అనుకుంటే, వాళ్లు ఆవిడ పక్కన ఒక్క చలికాలం కూడా గడపలేదన్నమాట.

అమెరికాలో, వాళ్లలాంటి పోర్చుగీసువాళ్లు ఎక్కువగా ఉండే ఫాల్ రివర్ అనే ఊళ్లో, నది వైపు జారిపోతున్నట్టుండే వీధిలో మూడంతస్తుల చెక్క ఇల్లు వాళ్లది. కింద ఇడలీనా, ఆవిడ మొగుడు ఫిర్మీనో. మధ్య అంతస్తులో ఫిర్మీనో చెల్లెలు ఓటీలియా. భర్త సెరాఫీం పోయినప్పటి నుంచి ఒక్కతే ఉంటోంది. పై అంతస్తులో అద్దెకున్నవాళ్లు కరెంటు హీటర్లతో ఎలాగో నెట్టుకొస్తుంటారు. అందరికీ కింద సెల్లార్, అంటే నేలమాళిగ. అక్కడ గోడవారగా, ముసలి గేదెలు రెండు పక్కపక్కన నిలబడ్డట్టు, ఇళ్లని వెచ్చబెట్టే బాయిలర్లకి ఆయిల్ అందించే రెండు ట్యాంకులు. ఎడమవైపుది ఇడలీనాది, కుడివైపుది ఓటీలియాది. వాటికి ఇవతల ఫిర్మీనో వైన్ పీపాలు, పీపాలకి ఇవతల ఇడలీనా అసలు వంటిల్లు. పైన ఇంట్లో తళతళలాడే వంటిల్లు ఒకటుంది గానీ అది చుట్టాలు చూసి వెళ్లడానికి. చేపలు వేయించినా, సూపు కాచినా సెల్లార్‌లోనే.

ఓటీలియా ట్యాంకు నింపడానికి ఆయిల్ లారీ చలికాలమంతా వస్తూనే ఉండేది. ఇడలీనా ట్యాంకు కోసం వచ్చేది అరుదు. వచ్చినప్పుడు కూడా ఆ డ్రైవరు, "ఇంకా సగముందండీ, ఎందుకు పిలిచారు" అని వెళ్లిపోయిన రోజులున్నాయి. దీనికి కారణమేమిటో ఇడలీనాకి తెలుసు. అడిగినవాళ్లకి చెప్పేది, అడగనివాళ్లకి ఇంకా వివరంగా చెప్పేది.

కర్టెన్లు.

ఇడలీనా పెళ్లికి ముందు నుంచీ కర్టెన్ల ఫ్యాక్టరీలో కుట్టింది. ఫ్యాక్టరీ మూతపడ్డాక ఇంట్లో కుట్టడం మొదలుపెట్టింది. కంబళిలాంటి బట్ట, దానికి లోపల ఇంకో పొర, అంచున బరువు కోసం సన్న గొలుసు. ఆవిడ ఇంట్లో కిటికీలన్నిటికీ అవే. జనవరిలో కూడా పొట్టి చేతుల జాకెట్టుతో తిరుగుతూ, "చూశారా" అనేది. చూసినవాళ్లు ఊరికే పోలేదు. చర్చికొచ్చే ఆడవాళ్లలో సగంమంది ఇళ్లలో ఇప్పుడు ఇడలీనా కర్టెన్లే ఉన్నాయి.

ఆడపడుచుకి మాత్రం ఊరికే కుట్టిచ్చింది, క్రిస్మస్ కానుకగా. అయినా ఓటీలియా ఆయిల్ ఖర్చు తగ్గలేదు.

"నువ్వు సరిగ్గా వెయ్యట్లేదే" అనేది ఇడలీనా.

"కర్టెన్ సరిగ్గా వెయ్యడం ఏముంది వదినా, లాగితే పడుతుంది."

"మరి ఆయిల్ ఎవరు తాగుతున్నారు?"

"నాకేం తెలుసు. రెండు స్వెట్టర్లు వేసుకుని కూచుంటున్నా. స్నానానికి వెళ్లాలంటే దేవుణ్ణి తలుచుకుని వెళ్తున్నా."

"దుబారా అనేది మనకి తెలియకుండానే అవుతుంటుంది ఓటీలియా" అనేది ఇడలీనా, మంచిమాట చెబుతున్నట్టు. ఓటీలియా పెదవులు బిగించుకుని మెట్లెక్కి వెళ్లిపోయేది.

ఇలా జరిగిపోతుండగా ఇన్సూరెన్సు మనిషి ఒకడు వచ్చాడు. టార్చిలైటు వేసి ఇడలీనా ట్యాంకు పొట్ట కింద చూశాడు. తుప్పు పట్టి చెమర్చినట్టుంది. ఈ చలికాలం వచ్చేలోపు తీయించకపోతే ఇంటికి ఇన్సూరెన్సు ఉండదన్నాడు. ఓటీలియాది ఇంకా గట్టిగానే ఉందన్నాడు. ఇడలీనా ఆ మాటని మనసులో పెట్టుకుంది.

"ఇన్నాళ్లూ నమ్మకంగా పనిచేసింది" అంది మొగుడితో, పెంపుడు జంతువు గురించి చెప్పినట్టు.

"గ్యాసు పెట్టించుకుందాం" అన్నాడు ఫిర్మీనో. ఆయనకి ఏ విషయమైనా తొందరగా తేలిపోతే క్లబ్బులో పేకాటకి వెళ్లచ్చు.

గ్యాసు వాళ్లు వచ్చి కొత్త బాయిలర్ బిగించి, పాత బాయిలర్ ఊడదీసి తీసుకుపోయారు. నేలలోంచి పైకొచ్చిన ఆయిల్ గొట్టానికి ఒక మూత బిగించారు. ట్యాంకు మా పని కాదన్నారు. దానికి వేరే కాంట్రాక్టర్ ఉంటాడట.

మొదట వచ్చినతను చాలా శుభ్రంగా ఉన్నాడు. బూట్లు మెరుస్తున్నాయి. సెల్లార్ మెట్ల మీదే ఆగిపోయి ఫోనుతో ఫొటో తీసుకున్నాడు. తలుపు చట్రం పగలగొట్టాల్సి వస్తుందన్నాడు.

"ట్యాంకు లోపలికి ఎలా వచ్చింది మరి?" అడిగింది ఇడలీనా.

"అది నాకు తెలీదమ్మా."

"తెలుసుకుని రా" అని పంపించేసింది.

రెండోవాణ్ణి ఓటీలియా సిఫారసు చేసింది. చర్చిలో బాప్తిస్మమప్పుడు ఆవిడ జ్ఞానతల్లిగా నిలబడ్డ కుర్రాడికి ఏదో వరస. అతను సరిగ్గా భోజనాల వేళకి వచ్చాడు. ఫిర్మీనో వైన్ ఒక గ్లాసు తాగి మెచ్చుకున్నాడు, ఇంకో గ్లాసు తాగి మళ్లీ మెచ్చుకున్నాడు. ట్యాంకు సంగతి అడిగితే, పెద్ద సుత్తి ఉంది, ఒక్కణ్ణే కొట్టిపారేస్తానన్నాడు.

"అందులో మిగిలిన ఆయిల్?"

"కొంచెం ఒలికితే ఒలుకుతుంది. ఇసక చల్లేద్దాం."

ఇడలీనా తన పొయ్యి వైపు చూసుకుంది, గోడకి వేలాడుతున్న వెల్లుల్లి జడ వైపు చూసుకుంది. "ఫోన్ చేస్తాలే నాయనా" అంది. చెయ్యలేదు.

మూడోది జినెట్ తీబో. యాభై దాటిన మనిషి, మగవాళ్ల ఓవరాల్ వేసుకుని, గొంతు వీధి చివరికి వినపడేలా మాట్లాడుతుంది. కెనడా ఫ్రెంచివాళ్ల పిల్ల. పోర్చుగీసు మాటలు తిండి పేర్ల వరకే వచ్చు. అవి మాత్రం బాగా వచ్చు. ఆవిడ తిన్నగా కిందకి దిగి, ట్యాంకు కింద అరచెయ్యి పెట్టి రాసి, ఆ చెయ్యి వాసన చూసుకుంది. వేళ్ల కణుపులతో పైనుంచి కిందిదాకా తట్టింది. తర్వాత ట్యాంకుని వదిలేసి వంటింటి వైపు తిరిగింది.

"ఇక్కడ రోజూ వండుతారా?"

"రోజూ."

"ఆ రోజు మాత్రం వండకండి. పిండీ పప్పూ ఏమున్నా పైకి తీసుకెళ్లండి. పీపాలకి నేను ప్లాస్టిక్ చుడతాను. వైన్‌కి ఈ వాసన పట్టిందంటే వచ్చే ఏడాది దాకా ఏడవాలి. ఫైర్ డిపార్ట్‌మెంట్ అనుమతి నేను తెస్తాను. ట్యాంకు ఇక్కడే కోసి ముక్కలుగా బయటికి మోస్తాం, తలుపు జోలికి వెళ్లం."

ఇద్దరు మగవాళ్లకి రాని ఆలోచన పీపాల గురించి ఈవిడకి వచ్చింది. ఇడలీనా ఇంకేమీ అడగలేదు. చెప్పిన ధర కూడా బేరమాడలేదు. ఈ మాట విని ఫిర్మీనో, "ఒంట్లో బాగానే ఉందా" అని అడిగాడు.

నవంబరు చివర, మంచు ఇంకా పడలేదు గానీ గాలి కోసేస్తున్న రోజున జినెట్ ఇద్దరు పనివాళ్లతో వచ్చింది. సెల్లార్ కిటికీలోంచి లావుపాటి గొట్టం దించి, ట్యాంకులో మిగిలిన ఆయిల్‌ని బయట బండిలోకి లాగేశారు. ట్యాంకు అడుగున నేలలోకి దిగే సన్న రాగి గొట్టాన్ని కత్తిరించి మూత వేశారు. ఆ తర్వాత రంపం. ఆ మోతకి వీధిలో కుక్కలన్నీ లేచాయి. ఇడలీనా కిందా మీదా తిరుగుతూ, ప్లాస్టిక్ కప్పిన పీపాల చుట్టూ ఇంకో దుప్పటి కప్పుతూ, పనివాళ్లకి కాఫీ ఇస్తూ ఉంది. ట్యాంకు రెండుగా చీలి లోపలి నల్ల బురద కనపడినప్పుడు కొంచెం దిగులేసింది ఆవిడకి. ఇంత మురికి పెట్టుకుని ఇంత పొదుపుగా ఎలా పనిచేసిందో అనుకుంది.

మధ్యాహ్నానికి ముక్కలన్నీ బయటికి చేరాయి. జినెట్ నేల కడుగుతుంటే ఓటీలియా దుప్పటి కప్పుకుని మెట్లు దిగివచ్చింది.

"వదినా, నా గదుల్లో రేడియేటర్లన్నీ చల్లబడిపోయాయి."

"పొద్దున్నించీ తలుపులు తీసి ఉన్నాయి కదా, అందుకే."

"తలుపుల వల్ల కాదు. ముట్టుకుంటే మంచుగడ్డల్లా ఉన్నాయి."

జినెట్ చీపురు పక్కన పెట్టి ఓటీలియా బాయిలర్ దగ్గరికి వెళ్లింది. ఎర్ర బటన్ నొక్కింది. అది కాసేపు గుర్రుమని ఆగిపోయింది. ఓటీలియా ట్యాంకు మీది ముల్లు చూసింది. నిండుగా ఉంది. పోయినవారమే లారీ వచ్చి వెళ్లింది. బాయిలర్ పక్కన గొట్టం మరను వదులు చేసింది. ఒక్క చుక్క ఆయిల్ రాలేదు, ఉత్త గాలి బుస్సుమంది.

"ట్యాంకు నిండుగా ఉంది, బాయిలర్‌కి చుక్క అందట్లేదు" అంది జినెట్. "ఈ గొట్టాలు ఎటునుంచి ఎటు వెళ్తున్నాయి?"

"నేల కింద నుంచి" అంది ఇడలీనా. "ఈ సిమెంటు నేల వేసినప్పుడు లోపల పెట్టేశారు. మా ఆయనా, ఈవిడ మొగుడూ కలిసి వేశారు."

జినెట్ ఆవిడ మొహంలోకి ఒకసారి చూసింది. తర్వాత మెల్లిగా నడిచి సెల్లార్ అవతలి మూలకి, ఇడలీనా పాత బాయిలర్ ఉన్న చోటికి వెళ్లింది. అక్కడ నేలలోంచి పొడుచుకొచ్చిన గొట్టానికి గ్యాసు వాళ్లు బిగించిన మూత ఉంది. కింద బకెట్ పెట్టి ఆ మూత కొంచెం తిప్పింది.

ఆయిల్ ధారగా పడింది.

"మీ ట్యాంకు ముక్కలై నా లారీలో ఉంది ఇడలీనా గారూ" అంది జినెట్, తన మామూలు గొంతుతోనే. "మరి ఇది ఎక్కణ్ణుంచి వస్తోంది?"

జినెట్ వెళ్లి ఓటీలియా ట్యాంకు కింది కుళాయి కట్టేసింది. బకెట్లో ధార సన్నబడి ఆగిపోయింది. మళ్లీ తిప్పింది, మళ్లీ వచ్చింది.

"ఓటీలియా గారి ట్యాంకులోంచి ఆయిల్ మీ బాయిలర్‌కి వెళ్లింది. మీ ట్యాంకులోది ఆవిడ బాయిలర్‌కి వెళ్లింది. మొదటి నుంచీ అంతే అయ్యుంటుంది. ఒకరిది ఒకరు కాల్చుకున్నారు." కాస్త ఆలోచించి, "ఎవరు ఎక్కువ కాలుస్తారు?" అని అడిగింది. అందులో ఎకసెక్కమేమీ లేదు. పని గురించి అడిగిన మాట.

ఇడలీనా కుర్చీలో కూలబడింది. పొట్టి చేతుల జాకెట్టులో మొదటిసారి ఆవిడకి చలేసింది.

"అలా అవ్వదు" అంది. "నా కర్టెన్లు..." అని ఆగిపోయింది.

ఓటీలియా ఆ బకెట్ వైపు చూస్తూ నిలబడింది. ఇడలీనా ఆవిడ నోటి నుంచి ఏం వస్తుందోనని కాచుక్కూచుంది. ఓటీలియా దుప్పటి సర్దుకుని మెట్లెక్కి వెళ్లిపోయింది.

ఫిర్మీనోని క్లబ్బు నుంచి పిలిపించారు. ఆయన సెల్లార్ మధ్యలో నిలబడి, చేతిలో టోపీ తిప్పుతూ నేలకేసి చూశాడు.

"రెండు గొట్టాలూ ఒకేలా ఉండేవి మరి" అన్నాడు.

"గుర్తేమీ పెట్టలేదా?" అడిగింది ఇడలీనా.

"సెరాఫీం ఒకదానికి దారం కట్టాడు. సిమెంటు పోసేటప్పుడు దారం ఊడిపోయింది. ఇదేలే అన్నాడు, ఇదేలే అన్నాను. అప్పటికి ఆ పీపా సగమైంది."

"ఏ పీపా?"

ఫిర్మీనో వైన్ పీపాల వైపు చూడకుండా ఉండటానికి చాలా ప్రయత్నించాడు.

జినెట్ సాయంత్రంలోపు గోడ వెంబడి కొత్త గొట్టం వేసి, ఓటీలియా ట్యాంకుని ఓటీలియా బాయిలర్‌కే కలిపింది. ఈసారి అందరికీ కనపడేలా, నేలపైనే. పాత గొట్టాలు రెండిటికీ మూతలు బిగించింది. వెళ్తూ వెళ్తూ, "ఇలాంటివి చాలా చూశాను" అంది. ఇడలీనాకి ఆ మాట ఏ మాత్రం ఊరట ఇవ్వలేదు.

ఆ తర్వాత పైనుంచి ఒక్క దెప్పిపొడుపు కూడా రాలేదు. ఇడలీనా వాటికి సిద్ధపడి ఉంది. ఓటీలియా ఏమంటుందో, దానికి తనేం జవాబివ్వాలో, అన్నీ వంటింట్లో గిన్నెలు తోముతూ కూర్చుకుంది. ఓటీలియా మెట్ల మీద ఎదురైతే తలూపి వెళ్లిపోతోంది. చర్చిలో పక్కనే కూచుని పాటల పుస్తకం అందిస్తోంది. ఊరందరికీ చెప్పేస్తుందనుకుంటే ఎవరికీ చెప్పినట్టు లేదు. అది మరీ భరించలేకపోయింది ఇడలీనా.

ఆదివారం మధ్యాహ్నం తియ్య రొట్టె ఒకటి కాల్చి, గుడ్డలో చుట్టి, పైకి వెళ్లింది. ఓటీలియా తలుపు తీసింది. స్వెట్టర్ లేదు. ఇల్లు వెచ్చగా ఉంది.

"ఏదో ఒకటి అను" అంది ఇడలీనా, లోపలికి రాకుండానే.

"ఏమనను?"

"ఎన్నేళ్లు నిన్ను దుబారా మనిషివన్నాను. నా కిటికీల్లోంచి పోయిన వేడి అంతా నీ ఆయిల్. లెక్క కట్టించుకో, ఇచ్చేస్తాను."

"డబ్బు సంగతి వదిలెయ్ వదినా. రా, లోపలికి రా, వేడి పోతోంది" అని ఓటీలియా తలుపు మూసింది. రొట్టె కొయ్యలేదు. బల్ల మీద పెట్టి దాని మీద చెయ్యి వేసి కూచుంది.

"నువ్వన్నదానికి నాకేం బాధ లేదు. నువ్వు అందర్నీ అంటావు." ఇడలీనా కుర్చీ లాక్కుని ఎదురుగా కూచుంది. "నేను ఆలోచిస్తున్నది సెరాఫీం గురించి. ప్రతి చలికాలం ఆయిల్ లారీ వచ్చి వెళ్లిన రోజు ఇంట్లో పోట్లాటే. నేనే తనకి తెలియకుండా థర్మోస్టాట్ తిప్పి వేడి పెంచుతున్నాననేవాడు. పెంచలేదంటే నమ్మలేదు. ఒకసారి దాని మీద కాగితం అంటించి సంతకం పెట్టాడు, నేను ముట్టుకున్నానో లేదో చూద్దామని. పోయేముందు ఆస్పత్రిలో కూడా, ఇంటికెళ్లగానే తగ్గించు ఓటీలియా అన్నాడు. నేను అబద్ధాలాడతాననుకునే పోయాడు వదినా."

ఇడలీనాకి సెరాఫీం గుర్తొచ్చాడు. మంచివాడే. ఎదుటివాళ్లు పది మాటలు చెప్పినా వినిపించుకోకుండా తనదే చెప్పే రకం.

"ఊడిపోయిన ఆ దారం కట్టింది ఆయనేనట" అంది నెమ్మదిగా.

"అన్నయ్య చెప్పాడు." ఓటీలియా నవ్వలేదు గానీ నవ్వుకి దగ్గర్లోకి వచ్చింది. "కాబట్టి నాకు ఒకటే కావాలి. నువ్వు వచ్చి ఆయనకి చెప్పు."

"ఎవరికి?"

"సెరాఫీంకి. నేను చెబితే నమ్మడు."

సమాధుల తోటలో గాలి ఊళ్లోకంటే ఇంకా కోతగా ఉంది. ఓటీలియా చామంతి కుండీ ఒకటి తెచ్చి రాయి ముందు పెట్టి, ఎండుటాకులు చేత్తో ఊడ్చింది. తర్వాత పక్కకి జరిగి ఇడలీనాకి చోటిచ్చింది. ఇడలీనా చేతిసంచి రెండు చేతులతో పట్టుకుని, బడిలో పాఠం ఒప్పజెప్పడానికి లేచిన పిల్లలా నిలబడింది.

"సెరాఫీం" అంది. "నేను ఇడలీనాని."

"గట్టిగా. ఆయనకి ఎడమ చెవి వినపడదు."

"ఇప్పుడు కూడానా?"

"గట్టిగా చెప్పు వదినా."

రెండు వరసల అవతల ఒక ముసలాయన పూలు సర్దుతూ తల తిప్పి చూశాడు. ఇడలీనా గొంతు సవరించుకుంది.

"సెరాఫీం, ఆయిల్ తగలేసింది నేను. నీ పెళ్లాం కాదు. ఓటీలియా థర్మోస్టాట్ ముట్టుకోలేదు. చలికి వణుక్కుంటూ కూచుంది."

"గొట్టాల సంగతి."

"గొట్టాలు తారుమారు చేసింది నువ్వూ నా మొగుడూ. తాగి చేశారు. సిమెంటు పోసేశారు. ఆయనకీ చెప్పాల్సింది చెప్పాను, నీకు ఇప్పుడు చెబుతున్నా. అంతే." ఇంకేదైనా చెప్పాలేమోనని ఆగింది. "మిగతా అంతా ఇక్కడ బాగానే ఉంది. మీ బావకి మోకాళ్ల నొప్పులు."

ఓటీలియా ముందుకొచ్చి రాయి మీద చెయ్యి వేసింది.

"విన్నావా?" అంది. "వదినే చెప్పింది. నేను కాదు." కళ్లు తుడుచుకుని, చామంతి కుండీని గాలికి పడిపోకుండా ఇంకొంచెం రాయికి దగ్గరగా జరిపింది. "మంచం మీద పడి కూడా ఆయిల్ గురించే ఆలోచించావు పిచ్చి మనిషి. ఇంక ఆలోచించకు."

ఇడలీనా ఆడపడుచు చెయ్యి పట్టుకుంది. ఎప్పుడూ పట్టుకోని మనిషి కావడం వల్ల ఎలా పట్టుకోవాలో తెలియక మణికట్టు దగ్గర పట్టుకుంది. ఓటీలియా విడిపించుకోలేదు.

తిరిగి వస్తూ దారిలో రొట్టెల దుకాణం దగ్గర ఆగారు. ఓటీలియాకి ఒక్కసారిగా ఆకలేసింది. నూనెలో వేయించి పంచదార అద్దిన వేడివేడి మాలసాదాల కోసం వరస బారుగా ఉంది. ముందున్నది చర్చిలో పాటలు పాడే మారియానా. కౌంటర్లో ఉన్నది ఆమె కూతురు. ఓటీలియా వాళ్లని చూసింది. ఇడలీనా వైపు తిరిగింది. ఇడలీనా ఆ చూపు అర్థం చేసుకుని ఒక నిట్టూర్పు విడిచి, చేతిసంచి ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకుంది.

"మారియానా" అంది ఓటీలియా, హాయిగా. "మా సెల్లార్‌లో ఏం జరిగిందో నీకు తెలుసా? నెలనెలా నా ట్యాంకు ఖాళీ అయిపోయేది చూడు..."

వరసంతా చెవులు రిక్కించింది. ఓటీలియా చెబుతూ పోయింది. రంపం మోత, బకెట్లో ధార, కుర్చీలో కూలబడ్డ వదిన, అన్నీ వచ్చాయి. పీపా సగమైన సంగతి దగ్గర కౌంటర్లో పిల్ల నవ్వాపుకోలేక తల పక్కకి తిప్పుకుంది. ఇడలీనా కొంతసేపు ఓపిక పట్టింది.

"నెలనెలా కాదు" అంది చివరికి. "ఒక్కో నెల లారీ రెండుసార్లు వచ్చేది. చెప్పేదేదో సరిగ్గా చెప్పు."